తీగ లేని కంబాలు

పోయిన వారం మా ఊరి పాస్టరు గారు పంపిన మనిషి కడపలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గుడ్డలో చుట్టిన వస్తువొకటి నా చేతిలో పెట్టాడు. చిన్నదే గాని బరువుగా ఉంది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. నిమ్మకాయంత ఇనప గుండు, దానికి నాలుగు మూరల పురికొస. గోడ నిలువుగా లేస్తోందో లేదో చూసుకోవడానికి తాపీ పనివాళ్లు వేలాడదీసే గుండు అది.

"మేస్త్రి పోయినాడు సార్. ఆదివారం మట్టి జేసినాము. ఇది అయివోరికి ఇయ్యండని పాస్టరయ్యకు జెప్పి పోయినాడంట" అన్నాడు ఆ మనిషి.

మా సీమలో బడిపంతుల్ని అయివోరంటారు. ఆ అయివోరిని నేనే. మనిషి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కట్టిన కాగితం జెండాలు మా వీధిలో ఇంకా వేలాడుతున్నాయి. వాటికింద ఆ గుండును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆరోజు బడికి పోలేదు.

మేస్త్రి పేరు రాయను. మా ఊళ్లో సగం మందికి అతని పేరు తెలియనే తెలియదు, అందరికీ కంబాల మేస్త్రే. కోయిలకుంట్లకు ఒక పూట నడకలో ఉండే మగ్గాల ఊరు మాది. ఊరికి ఒక పక్క నేతవాళ్లం, ఇంకో పక్క చర్చి, చర్చి చుట్టూ కిరస్తానీ ఇళ్లు. మేస్త్రిది చర్చికి ఆనుకుని రెండో ఇల్లు. మొదట గోడలు కట్టేవాడు, తరవాత కరెంటు కంపెనీలో చేరి తీగలు మోసే ఇనప కంబాలు నాటాడు. గోడల కాలం నాటి గుండును మాత్రం బొడ్లో నుంచి ఎప్పుడూ తీయలేదు.

వంకర అతనికి గిట్టేది కాదు. దారిన పోతూ పోతూ ఆగి ఎవరింటి వాకిలికో గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. ఇల్లుగలవాడికి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. చర్చి ముందుగోడ అంగుళం బయటికి వాలిందని పాస్టరు గారికి ఏడాది పొడుగునా చెప్పి చెప్పి చివరికి తానే విప్పి కట్టాడు. ఒకసారి నన్ను బడి గోడకు నిలబెట్టి భుజం పక్కన గుండు వదిలాడు.

"అయివోరూ, ఎడమ పక్కకు ఒరిగినావు. పుస్తకాలు ఎప్పుడూ ఆ సంకలోనే పెట్టుకుంటాండావు గదా" అన్నాడు. నిజమే. అప్పటినుంచి కొన్నాళ్లు పుస్తకాలు చంక మార్చి మార్చి పట్టుకున్నాను.

"నిలువు తప్పినాక ఇంగేముండాదప్పా" అనేది అతని ఊతపదం. పెండ్లి చెడినా, వాన తప్పినా, ఎవరైనా తాగి పడినా అదే మాట. ఇంకొకటి ఉండేది. చెప్పడానికి కష్టమైన మాట నోటిదాకా వస్తే, పురికొసను చూపుడు వేలికి చుట్టుకుంటూ పోయేవాడు. వేలి కొస తెల్లబడేదాకా చుట్టి, అప్పుడు మాట్లాడేవాడు. అతని ముఖం చూసి మనసు తెలుసుకోవడం ఎవరితరమూ కాదు. నేను వేలు చూసేవాణ్ని.

కంపెనీ లండన్ దొరలది, మద్రాసులో ఆఫీసు. మా ఊరి పక్కన కాలవ నీళ్లు రెండు నిలువుల లోతుకు దూకే చోటుంది. అక్కడ నీళ్లతో చక్రం తిప్పి కరెంటు తీస్తామన్నారు. పునాది కట్టింది మేస్త్రే. పని చూసి ఇంజనీరు దొర కంబాలు నాటే పనీ అతనికే అప్పజెప్పాడు. ఇనప సామాను అతని చేతికి ఇస్తున్నందుకు జామీను అడిగారు. వాళ్ల నాయన ముప్పై ఏండ్లు రెడ్డి ఇంట్లో జీతముండి కొన్న ఎకరంన్నర నల్లరేగడి ఉండేది. ఆ చేను పత్రం తీసుకుపోయి కంపెనీకి ఇచ్చి వచ్చాడు. కంబాలకు ఏమైనా అయితే చేను కంపెనీది.

చిక్కు మా వీధిలో వచ్చింది. నేతవాళ్ల వీధి ఉత్త నడిచే దారి కాదు. తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగు చాపుతాం. అంటే మగ్గానికి ఎక్కించబోయే నిలువు దారాలన్నీ కట్టెల మీద బారుగా పరిచి, గంజి పెట్టి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. నాలుగిళ్ల మగవాళ్లు చెయ్యి కలిపితే గాని ఒక ఇంటి పడుగు తేలదు. మాది ఇరుకు వీధి. ఒక పక్క మురుగు కాలువ, కాబట్టి కంబాలు రెండో పక్కనే రావాలి. పడుగు చాపేదీ ఆ పక్కనే.

మా నాయన వీధికి పెద్ద. మొదటి గుంత తవ్వుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా మేస్త్రీ, కంబం ఈడ నాటితే మేము పడుగు యాడ చాపల్ల?"

"ఒక్క పంటకారు ఓర్సుకోండి సామీ. దీపమొచ్చినాక మీరే కంబానికి పసుపు కుంకుమ పెడతారు."

"దీపం రాకపోతే? ఈ కాలవ తవ్విన దొరలు గూడా ఆఖరికి సర్కారు నెత్తిన పెట్టి పోయినోళ్లే గదా."

మేస్త్రి పురికొసను వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. వీధిలో వాళ్లంతా చూస్తున్నారు.

"ఉగాదికి దీపం రాకపోతే నా చేతులతోనే కంబాలు పీకి మీ వీధి మీకిస్తా. మాట ఇస్తాండా."

మా నాయన ఒప్పుకున్నాడు. ఆయనకూ ఆశ ఉంది. కిరసనాయిలు బుడ్డి పొగకు తెల్ల నూలు మసిబారేది. ఆ గుడ్డి వెలుతురులో నేసి నేసి ఆయనకు అప్పటికే దారం సరిగా కనిపించడం లేదు, వేళ్లతో తడుముకునేవాడు. పదకొండు కంబాలు మా వీధి పొడుగునా లేచాయి. ఒక్కొక్కటి నాటగానే మేస్త్రి గుండు వేలాడదీసి చూసి, అరచేత్తో కంబాన్ని ఒకటి చరిచి, చెవి ఆనించి వినేవాడు.

మగ్గం మీదికి దీపం ఎక్కడ వేలాడాలో కొలత తీసుకోవడానికి ఇంటింటికీ వచ్చాడు. వచ్చాడంటే వాకిలి బయటిదాకానే. కిరస్తానీ అయినా అతని పాత కులాన్ని మా వీధి మరవలేదు.

"ఈన్నుంచే చూస్తాలేమ్మా. మగ్గం గుంత యాడుండాదో నువ్వు జెప్పు" అన్నాడు మా అమ్మతో.

"లోపలికి రాకుండా దీపమెట్ల పెడతావప్పా?" అంది అమ్మ.

"అది దీపమొచ్చినప్పుడు జూసుకుందాంలేమ్మా" అని నవ్వాడు. ఆ మాటకు మా నాయన గంజి కుండ కోసం వెతుకుతున్నట్లు లోపలికి పోయాడు.

తీగ రాలేదు. చక్రం ఓడలో ఉందన్నారు, తరవాత ఓడే బయల్దేరలేదన్నారు. ఒక సాయంకాలం బడి వదిలిన తరవాత మేస్త్రి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కంపెనీకి యాడో దేశంలో దెబ్బ తగిలిందంట. పేపర్లో ఏమన్నా ఉండాదా అయివోరూ?"

ఉంది. దక్షిణ అమెరికాలో ఒక దేశం, బయటి దేశాలకు కట్టాల్సిన అప్పు ఇక కట్టలేనని ప్రకటించింది. దాని పేరెందుకు, ఆ రోజుల్లో ఆ పని చేసిన దేశం అదొక్కటే కాదు. మా కంపెనీ మా కాలవ దగ్గర పెట్టింది చిల్లర. పెద్ద డబ్బంతా ఆ దేశంలో నూనె బావుల్లో, కరెంటు తీసే ఆనకట్టల్లో పెట్టింది. లోపలికి పిలిచి గోడమీది ప్రపంచ పటంలో ఆ దేశం చూపించాను. మేస్త్రి బొడ్లో నుంచి పురికొస తీసి మా ఊరి దగ్గర ఒక కొస, ఆ దేశం మీద ఇంకో కొస పెట్టి చూశాడు.

"ఇంత దూరముండాది. ఆ దేశం కంపెనీకి బాకీనా?"

"కాదు. లండన్ షావుకార్లకు బాకీ. కంపెనీ ఆడ కరెంటు అమ్ముతాంది, లాభమూ వస్తాంది. కానీ ఆ లాభం ఆ దేశం దుడ్లలో వస్తాది. దాన్ని పౌన్లు జేసి దేశం దాటించగూడదని ఆ సర్కారు ఆపేసింది. ఇంగ లండన్లో కంపెనీకి అప్పిచ్చేవాళ్లు ఆ దేశం పేరు ఇంటేనే జడుసుకుంటాండారు. ఆడ డబ్బు పెట్టినోళ్లెవరికీ కొత్త అప్పు ఇయ్యరంట, పాతది గూడా కట్టమంటాండారు."

"ఒక మందలో రోగమొస్తే పక్క మంద గొర్రెల్ని గూడా ఎవురూ కొనరు. అట్లనా?"

"అట్లనే. ఇంగా సంపాదన మొదలుగాని పనులు ముందు ఆపుతారు."

"అంటే మనదే ముందు."

అతను పటం ముందు నుంచి కదల్లేదు.

"అప్పు కట్టనోని చేను జప్తు జేస్తారు గదా. దేశాన్నేం జప్తు జేస్తారు అయివోరూ?"

"ఏమీ జెయ్యలేరు."

"ఏం జామీను పెట్టిందది?"

"మాట ఒక్కటే."

"నేను జామీనూ పెట్టినా, మాటా ఇచ్చినా" అన్నాడు. నవ్వాడు గాని, వేలికి పురికొస అప్పటికే గట్టిగా చుట్టుకుని ఉంది. రెండు వైపుల నుంచీ ఎట్లా ఇరుక్కున్నాడో నాకు అప్పుడే అర్థమైంది. ఉగాదికి కంబాలు పీకితే చేను పోతుంది. పీకకపోతే మాట పోతుంది.

కంపెనీ పని ఆపేసిందన్న సంగతి వారంలో ఊరంతా పాకింది. వీధి మారిపోయింది. మేస్త్రి వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. కుర్రకారు ఇద్దరు గడ్డపారలతో ఒక కంబాన్ని కొట్టి చొట్టలు పెట్టారు. ఆ సాయంకాలం నుంచి మేస్త్రి రోజూ వచ్చి ఆ కంబానికి వీపు ఆనించి కూర్చునేవాడు. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు, ఉత్తినే కూర్చునేవాడు.

ఒక పొద్దున మా పడుగే చాపి ఉంది. ప్రొద్దుటూరు షావుకారు పెండ్లి చీరలకు చెప్పిన పడుగు. గాలి లేచి తడి దారాలను మూడో కంబానికేసి రుద్దింది. బారెడు మేర దారాలు పుటపుట తెగాయి, మిగిలిన వాటికి తుప్పు అంటుకుంది. మా నాయన అరవలేదు. తుప్పు పట్టిన దారాలను కత్తిరించి, ఉండ చేసి, తీసుకుపోయి మేస్త్రి కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఉగాది ఇంగా పది దినాలుండాది సామీ" అన్నాడు మేస్త్రి.

"దినాలు మాకూ తెలుసప్పా" అన్నాడు మా నాయన.

నాలుగు రోజుల తరవాత మద్రాసు నుంచి జాబు వచ్చింది. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. మర్నాడు పొద్దున్నే వీధి పెద్దలంతా పడుగు దగ్గర ఉన్నప్పుడు వచ్చి, జాబు మా అరుగు అంచున పెట్టాడు.

"దొరలేం రాసినారో అందరి ముందరా సదువు అయివోరూ."

నేను ఒక్కొక్క వాక్యం చూసి తెలుగులో చెప్పాను. ఫలానా కారణాల చేత పని ఆపివేయడమైనది. కంబాలు కంపెనీ సొత్తు. మా మనిషి రాకముందు ఎవరు వాటిని కదిలించినా మీ జామీను మాకు దఖలు పడుతుంది. అంతవరకు చదివాను. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. మూడు నెలల్లో మా మనిషి వచ్చి కంబాలు తీసుకుపోతాడు. అప్పటికి అవి నిలిచి ఉంటే మీ చేను పత్రం మీకు తిరిగి ఇవ్వబడుతుంది.

ఆ రెండు వాక్యాలు నేను చదవలేదు.

ఎవరూ నన్ను ఆపలేదు. మా నాయన కన్నెర్ర చెయ్యలేదు, సైగ చెయ్యలేదు. పైగా ఆయన ముఖం ఆరోజు మెత్తగా ఉంది. చదివితే "మూడు నెలలే గదా, ఓర్సుకుందాం" అంటాడని నాకు తెలుసు, అందుకే చదవలేదు. ఆ మూడు నెలలూ పెండ్లిళ్ల కాలం. పాడైన పడుగు మళ్లీ చాపుకోకపోతే షావుకారు ఇంకో ఊరికి పోతాడు, మా మగ్గం పస్తుంటుంది. ఇదీ నా లెక్క. ఇంకొకటి కూడా ఉంది, దాచను. మా అరుగు ఎక్కలేని మనిషి చేను ఉంటే ఎంత పోతే ఎంత అన్న చులకన నాలో ఎక్కడో ఉంది. బడిలో పిల్లలకు నీతిశతకాలు చెప్పే నోరు నాది.

"అంతేనా అయివోరూ?" అన్నాడు మేస్త్రి. వేలి కొస సున్నంలా తెల్లబడి ఉంది.

"అంతే" అన్నాను. జాబు మడిచి అరుగు అంచున పెట్టాను.

అతను నా ముఖంలోకి చూస్తూ పురికొసను ఒక్కొక్క చుట్టే విప్పుకున్నాడు. పెద్దలు పడుగు వైపు తిరిగారు. "సరే" అని జాబు తీసుకుని వెళ్లిపోయాడు.

ఉగాది రోజు మేము పచ్చడి చేసుకుంటుండగానే వచ్చాడు. వెంట వాళ్ల వీధి వాళ్లు ఇద్దరు, మూడు పొడుగాటి దుంగలు, ఒక గొలుసు. రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు. మొదటి కంబం దగ్గర దుంగలు ముక్కాలిగా నిలబెట్టి, గొలుసు తగిలించి, ఆగాడు. బొడ్లో నుంచి గుండు తీసి కంబానికి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూశాడు.

"పీకే కంబానికి నిలువెందుకప్పా?" అన్నాడు మా నాయన అరుగు మీద నుంచి.

"నిలువుగా ఉన్నదాన్నే పీకినానని నాకు తెలియాల సామీ."

పదకొండు కంబాలకూ అట్లాగే చూసి, అట్లాగే పీకాడు. ప్రతి గుంతా మట్టితో పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, కాలితో తొక్కి చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అతని అరచేతులు పగిలాయి. మా అమ్మ ఆకులో పచ్చడి పెట్టి అరుగు అంచున ఉంచితే తీసుకుని తిన్నాడు. పొద్దు వాలేసరికి వీధి ఖాళీ అయింది. మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసదాకా కనిపించింది. పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మాట నిలబెట్టుకున్నాడప్పా" అని మా నాయన గట్టిగా అన్నాడు. చేను సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మా పడుగు చాపాం. నేనే ఒక కొస పట్టుకున్నాను.

కంపెనీ మనిషి సరిగ్గా మూడు నెలలకు వచ్చాడు. కాలవ గట్టున వరసగా పేర్చి ఉన్న కంబాలను బండ్లకెక్కించుకున్నాడు. చేను పత్రం ఇవ్వలేదు. ఆ ఏడు తొలకరికి మేస్త్రి చేలో ఇంకొకరి నాగలి తిరిగింది. అతను పెండ్లాన్ని తీసుకుని కమలాపురం పక్క బండల గనుల్లో కూలికి పోయాడు.

ఆ తరవాత అతన్ని ఒక్కసారే చూశాను. యుద్ధం జరుగుతున్న రోజులు. కమలాపురం స్టేషన్లో మధ్యాహ్నం బండి కోసం కూర్చున్నాను. మిలిటరీ బండ్లకు దారివ్వడం కోసం మా బండిని ఎక్కడో ఆపేశారు. ప్లాట్ఫారం చివర తలగుడ్డ పరుచుకుని కూర్చున్న ముసలివాడు నన్ను చూసి లేచాడు.

"అయివోరూ, పుస్తకాలు మళ్లీ ఎడమ సంకలోకే వచ్చినాయే!"

పక్కపక్కన కూర్చున్నాం. చేతులు బండరాయి దుమ్ముకు బూడిద రంగు తిరిగాయి. మా అమ్మను అడిగాడు, మా నాయన చూపును అడిగాడు. వీధికి దీపం వచ్చిందా అని అడిగితే రాలేదన్నాను. ఆ దేశం అప్పు కట్టిందా అని అడిగాడు. "ఏదో సగానికి సగం ఒప్పందం జేసుకున్నారంట. మళ్లీ అప్పులూ ఇస్తాండారంట" అన్నాను. "పోనీలే, దానికి మళ్లీ అప్పు పుట్టింది" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. అది విన్న తరవాత నేను ఇంక ఆపుకోలేకపోయాను.

"మేస్త్రీ, ఆ పొద్దు జాబులో ఇంగో రెండు మాటలుండె. నేను..."

"తెలుసు అయివోరూ."

నాకు అర్థం కాలేదు.

"ముందరి దినమే పాస్టరయ్యతో సదివిచ్చుకున్యా. మూడు నెలల మాట తెలిసే తెచ్చినా మీ కాడికి."

"తెలిసీ అడగలేదే! నువ్వడిగింటే మా నాయన..."

"నేనడిగితే మాట తప్పినట్లు గదా. గడువు ఇయ్యాల్సింది వీధి. మీ నోట ఇంటే వాళ్లే ఇస్తారేమో అనుకున్యా." పురికొస కోసం అతని చెయ్యి బొడ్లోకి పోయి, ఊరికే బయటికి వచ్చింది. "మీ నాయన ఇచ్చుండునా అయివోరూ?"

అబద్ధం చెప్పి ఉంటే అతనికి కొంత తేలికయ్యేదేమో. చెప్పలేకపోయాను.

"ఇచ్చుండును" అన్నాను.

"నాకూ అట్లనే అనిపిచ్చె" అన్నాడు.

దూరంగా బండి కూత వినిపించింది. అతను లేచి, బొడ్లో నుంచి గుండు తీశాడు. వెనకటిలాగా నా భుజం పక్కన వదులుతాడనుకున్నాను. నాకు తెలియకుండానే వీపు నిటారు చేసి నిలబడ్డాను. అతను నన్ను ఒకసారి చూసి, గుండును మళ్లీ బొడ్లో దోపుకున్నాడు. "బండొచ్చె, జాగర్తగా పోండి" అన్నాడు. నా సంచీ తానే ఎత్తి బండిలో పెట్టాడు.

ఇప్పుడు ఆ గుండు నా దగ్గర ఉంది. పాత పురికొస తెగిపోయినట్లుంది, చనిపోయేముందు మేస్త్రి కొత్తది కట్టి పంపాడు. నా భార్య దాన్ని చూసి, ఇనప ముక్కను ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని అడిగింది. ఒక మేస్త్రి ఇచ్చాడన్నాను, అంతకన్నా చెప్పలేదు.

నిన్న పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడకు ఆనుకుని నిలబడి, నా భుజం పక్కన గుండు వదిలాను. అది ఊగుతూ ఉంది. ఆగితే గాని నిలువో వంకరో తెలియదు. ఆగేదాకా నిలబడలేక, పురికొస చుట్టేసి పెట్టెలో పెట్టాను.